మిషన్ గదిలో 61 కవర్లు, ఆషాఢం అయ్యేలోపు ఒక దారికి తేవాలి

కాజాలక్క (నల్లగొండ)
జూన్ 27, రాత్రి 10:20

అందరికీ నమస్తే. ఇంట్లోనే 14 ఏళ్లుగా జాకెట్లు, లంగాఓణీలు, చిన్నపిల్లల గౌన్లు కుడుతున్నాను. మిషన్ గది 10 అడుగులకు 9. అందులో కాలు మిషన్ ఒకటి, పవర్ మిషన్ ఒకటి, మా అత్తమ్మ బీరువా, ఒక ట్రంకు పెట్టె. మిగిలిన జాగా అంతా కవర్లే. నిన్న కూర్చుని లెక్కపెడితే 61 తేలాయి.

మా బిడ్డ ఇంటర్‌కి వచ్చింది. కిటికీ దగ్గర దానికి బల్ల వేయాలి. ఇంట్లో మంచి వెలుతురున్న కిటికీ అదొక్కటే. మా ఆయన అయితే "అన్నీ మూటగట్టి సజ్జ మీదికి ఎక్కిద్దాం" అంటున్నాడు. సజ్జ మీద ఇప్పటికే ఏముందో మా ఇద్దరికీ తెలియదు.

అసలు టెన్షన్ వేరే ఉంది. పోయిన నెల ఒకామె ఇచ్చిన పసుప్పచ్చ నారాయణపేట జాకెట్ ముక్క కనపడకుండా పోయింది. రెండు రోజులు గదంతా తిరగేశాను. ఆఖరికి క్లాక్ టవర్ దగ్గర అలాంటి రంగుదే ఇంకో ముక్క కొని కుట్టిచ్చాను. ఆమె గుర్తుపట్టింది, కానీ ఏమీ అనలేదు. అననందుకు నాకు ఇంకా సిగ్గేసింది.

ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, గిరాకీ తక్కువ. శ్రావణం వస్తే ఊపిరి సలపదు. ఈ నెల రోజుల్లో ఎక్కడ మొదలుపెట్టాలి?

పాలమూరు ఫాల్‌పీకో (మహబూబ్‌నగర్)
జూన్ 27, రాత్రి 10:52

అక్కా, నా పరిస్థితీ ఇదే. కాకపోతే నావి 40 కవర్లు. పోయిన ఏడాది మూతలున్న ప్లాస్టిక్ డబ్బాలు 12 తెచ్చుకున్నాను, లోపల ఏముందో బయటికి కనపడేవి. పది రోజులు గది మస్తు ముద్దొచ్చింది. తర్వాత ఆ డబ్బాల మీద కవర్లు పేరుకున్నాయి. ఇప్పుడు నా దగ్గర 12 డబ్బాలు, 40 కవర్లు ఉన్నాయి. డబ్బాలు కొనకండి అని చెప్పడానికే రాస్తున్నాను.

దేవరకొండ దర్జీ
జూన్ 28, ఉదయం 6:15

అమ్మా, ముందు అన్ని కవర్లూ హాల్లో పరవండి. ఒక్కోటి విప్పి, ఇది ఎవరిది అన్న ప్రశ్న ఒక్కటే వేసుకోండి. ఏ బట్ట, ఏ రంగు, దేనికి పనికొస్తుంది అన్న ఆలోచన ఆ రోజు పెట్టుకోవద్దు. పెట్టుకుంటే సాయంత్రానికి మూడు కవర్లు కూడా దాటవు.

నాది 30 ఏళ్ల షాపు. బట్ట పోయిందంటే చాలాసార్లు వేరే గిరాకీ కవర్లోనే దొరుకుతుంది. అందుకే తీసుకున్నప్పుడే చిన్న గుడ్డపీలిక మీద నంబరు రాసి, బట్ట మూలకు రెండు కుట్లు వేస్తాం. గుండుసూది పెట్టొద్దు. వానాకాలంలో తుప్పు పట్టి, పట్టు మీద మరక పడితే జన్మలో పోదు. అదే నంబరు పుస్తకంలో రాసి, పక్కన ఫోన్ నంబరు, తేదీ, లైనింగ్ వాళ్లిచ్చారా మనదా, ఆది జాకెట్ (కొలతకు ఇచ్చే పాత జాకెట్) ఇచ్చారా అన్నది రాసుకోవాలి. ఆది జాకెట్‌కి కూడా అదే నంబరు కుట్టాలి. తగాదాలన్నీ ఆది జాకెట్ దగ్గరే వస్తాయి.

ఊరు దాటిన దారం (హైదరాబాద్, సొంతూరు సూర్యాపేట)
జూన్ 28, మధ్యాహ్నం 1:40

పై అన్న చెప్పింది కరెక్ట్. ఒక్క మాట కలుపుతాను. పరిచే రోజు ఫ్యాన్ ఆపేయండి. నవ్వకండి, నేను ఆపకుండా పరిచి, గంటసేపు చీటీలు ఏరుకున్నాను.

కాజాలక్క (నల్లగొండ)
జూన్ 29, రాత్రి 11:05

అన్నా, మీరు చెప్పినట్టే చేశాం. ఆదివారం కదా, పొద్దున్నే పరిచాం. మధ్యాహ్నం మా ఆయన అన్నానికి గోడ పట్టుకుని వంటింట్లోకి పోవలసి వచ్చింది.

23 కవర్లు గిరాకీలవి తేలాయి. అందులో ఆరు ఇంకా కత్తెర పెట్టనివి. 17 మాత్రం కుట్టి, ఉక్కులు వేసి, ఇస్త్రీ చేసి పెట్టినా ఎవరూ తీసుకుపోనివి. 14 కవర్ల నిండా ఒడిబియ్యంలో, నోముల్లో, పేరంటాల్లో వచ్చిన జాకెట్ ముక్కలు. 15 కవర్లు కత్తిరింపులు. నేను డబ్బు పెట్టి నా కోసం కొనుక్కున్న బట్ట తొమ్మిది కవర్లు.

ఇన్నేళ్లూ "నా బట్టలకు జాగా లేదు" అని ఇంట్లో పోట్లాడుతూ వచ్చాను. తొమ్మిది కవర్లండీ నావి.

తీసుకుపోని వాటిలో అన్నిటికన్నా పాతది 2019 నాటిది. కవర్ మీద నా రాతలోనే "ఆకుపచ్చ, పొట్టి చేతులు, అర్జెంటు" అని ఉంది. పేరు లేదు, ఫోన్ నంబరు లేదు. అర్జెంటట!

ఊరు దాటిన దారం (హైదరాబాద్, సొంతూరు సూర్యాపేట)
జూన్ 29, రాత్రి 11:30

రెండేళ్లు దాటినవి ఎవరికైనా ఇచ్చెయ్యండి అక్కా. ఇన్నేళ్లు రానివాళ్లు ఇక రారు. వాళ్ల కొలతలు కూడా మారి ఉంటాయి.

గద్వాల కోడలు
జూన్ 30, ఉదయం 9:10

నేను ఒప్పుకోను. ఇచ్చెయ్యడానికి అది మన సొమ్మా? మా అమ్మ చివరిసారి కట్టుకున్న చీర జాకెట్ ముక్క నేను దర్జీకి ఇచ్చాను. తర్వాత కాన్పు, అత్తగారింట్లో అనారోగ్యం, ఏడాదిన్నర అటువైపు పోలేకపోయాను. పోయినప్పుడు ఆయన పైఅరలోంచి తీసి, దుమ్ము దులిపి ఇచ్చాడు. ఎవరికో ఇచ్చేశానని ఉంటే నేను ఏమైపోయేదాన్నో.

దేవరకొండ దర్జీ
జూన్ 30, ఉదయం 9:45

ఇద్దరి మాటా నిజమే. మూడు నెలల్లో తీసుకుపోకపోతే మా బాధ్యత కాదు అని మేం బోర్డు పెట్టాం. పెట్టాం గానీ ఇప్పటివరకు ఒక్క బట్టా పారెయ్యలేదు, చేతులు రావు. పని చేసింది వేరేది. సగం డబ్బు ముందే తీసుకోవడం మొదలుపెట్టాక జనం టైముకి వస్తున్నారు.

మీరు ఒక్కొక్కరికీ ఫోన్ చెయ్యండి. ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టండి. పేరు లేని ఆకుపచ్చ జాకెట్ ఫొటో మీ స్టేటస్‌లో పెట్టండి. నల్లగొండ ఎంత పెద్ద ఊరైనా, మీ గిరాకీ అంతా నాలుగు వీధుల్లోనే ఉంటుంది కదా.

కొత్త సూది (వనపర్తి)
జూన్ 30, మధ్యాహ్నం 3:20

నమస్తే అక్కలూ. ఈ మధ్యే నేర్చుకున్నాను. లైనింగ్ జాకెట్‌కి మీ దిక్కు ఎంత తీసుకుంటున్నారు? మా వీధిలో ఒకామె మరీ తక్కువకు కుడుతోంది, ఏం చేయాలి?

వేదిక నిర్వహణ
జూన్ 30, మధ్యాహ్నం 3:55

కొత్త సూది గారూ, స్వాగతం. ఈ దారం (చర్చ) సర్దుకోవడం గురించి. ధరల దారం వేరే నడుస్తోంది, మీ ప్రశ్న అక్కడికి మార్చాం. అక్కడ ఇప్పటికే 200 జవాబులు, రెండు పోట్లాటలు ఉన్నాయి.

పాలమూరు ఫాల్‌పీకో (మహబూబ్‌నగర్)
జూన్ 30, రాత్రి 9:30

ఆ 14 కవర్ల జాకెట్ ముక్కల సంగతి మాట్లాడుకుందాం. అది మన దక్షిణ తెలంగాణ ఇళ్లన్నిటిలో ఉన్న రోగం. నేను మా వదినకు ఒడిబియ్యంలో పెట్టిన ముక్క మూడేళ్లకు మా పిన్ని చేతి మీదుగా నాకే తిరిగొచ్చింది. మడత కూడా విప్పలేదు ఎవరూ. షాపువాడి చీటీ అట్లనే ఉంది.

విప్పి కొలవండి అక్కా. పైకి అన్నీ మీటరు లాగే కనపడతాయి. 36 అంగుళాల పన్నా (వెడల్పు) అయితే 80 సెంటీమీటర్లకు తగ్గితే పెద్దవాళ్ల జాకెట్ రాదు. 44 పన్నా ఉంటే 70లో పొట్టిచేతులకు లాగొచ్చు. నా దగ్గర ఉన్నవాటిలో కొన్ని 60 కూడా లేవు. వాటిని ఇంకొకరి ఒడిలో పెట్టడం కూడా పాపమే.

కాజాలక్క (నల్లగొండ)
జూలై 2, రాత్రి 10:15

కొలిచాను. మొత్తం 112 ముక్కలు. 71 జాకెట్‌కి సరిపోతాయి, 41 సరిపోవు. ఆ 41 చూస్తే కడుపు మండింది. అన్నీ కొత్తవి, ఒక్కసారి నీళ్లు తగలనివి, దేనికీ పనికిరానివి. పైపింగ్‌కి వాడుకుంటే మూడు జన్మలకు సరిపోతుంది.

సంఘం చెల్లె (నాగర్‌కర్నూల్)
జూలై 3, ఉదయం 7:00

అక్కా, మేం సంఘం తరఫున సర్కారు బడి పిల్లల యూనిఫాంలు కుడతాం. కట్టలు కట్టలు వస్తాయి. అన్నీ ఒకే రంగు కాబట్టి సైజు తప్పితే పట్టుకోలేం. అందుకని ఒక్కో తరగతికి ఒక్కో రంగు గుడ్డసంచి పెట్టుకున్నాం. మూడో తరగతి అంటే ఎర్రపూల సంచి, నాలుగో తరగతి అంటే నీలం గళ్లది. చదువురాని పెద్దమ్మ కూడా తప్పు పెట్టదు.

మీ 41 ముక్కలతో నాడా సంచులు కుట్టండి. ఒక్కో గిరాకీకి ఒక్కో సంచి. బట్ట, లైనింగ్, ఆది జాకెట్, చీటీ అన్నీ అందులోనే ఉంటాయి. గోడకు కొక్కెం కొట్టి వేలాడదీస్తే నేల ఖాళీ. పనయ్యాక సంచి మన దగ్గరే ఉంచుకుని బట్ట ఒక్కటే ఇచ్చేస్తే, ఎవరి సంచి ఖాళీగా వేలాడుతుందో వాళ్ల పని అయిపోయినట్టు.

గద్వాల కోడలు
జూలై 3, ఉదయం 8:20

ఈ దారంలో ఇప్పటిదాకా వచ్చిన మాటల్లో ఇదే బంగారం లాంటి మాట. ప్లాస్టిక్ కవర్ గురించి నేను ఎప్పటినుంచో మొత్తుకుంటున్నాను. మా అత్తగారిది గద్వాల నేత కుటుంబం. గద్వాల చీర ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. రెండిటినీ కుప్పడం పద్ధతిలో మగ్గం మీదే కలుపుతారు. అలాంటి బట్టను వానాకాలం మూడు నెలలు గాలాడని కవర్లో పెడితే తేమ లోపలే ఉండిపోతుంది. జరీ నల్లబడుతుంది, నూలుకు బూజు చుక్కలు పడతాయి. గిరాకీ వచ్చి చూస్తే మనమే ఏదో చేశామనుకుంటుంది.

పట్టుకు పాత పంచె ముక్క చుట్టి పెట్టండి. న్యూస్‌పేపర్ చుట్టొద్దు, సిరా అంటుకుంటుంది, కాగితం పసుపెక్కితే బట్టా పసుపెక్కుతుంది. మూడు నెలలకోసారి మడత మార్చండి. మా అత్త దసరాకీ సంక్రాంతికీ ఉగాదికీ మారుస్తుంది. పండగ గుర్తుంటే మడత గుర్తుంటుంది అంటుంది.

గంజి పెట్టిన నూలు చీరలు ఏళ్లకొద్దీ దాచొద్దు. గంజి కోసమే వెండిపురుగులు వస్తాయి. ఉతికి, గంజి లేకుండా ఆరేసి పెట్టాలి.

కొత్త సూది (వనపర్తి)
జూలై 3, ఉదయం 10:10

పురుగులకు కలరా ఉండలు వేస్తే సరిపోదా అక్కా? మా ఇంట్లో ప్రతి అరలో గుప్పెడు వేస్తారు.

ఊరు దాటిన దారం (హైదరాబాద్, సొంతూరు సూర్యాపేట)
జూలై 3, మధ్యాహ్నం 2:00

నేను నర్సుగా పనిచేస్తాను కాబట్టి ఇది గట్టిగా చెప్తాను. చంటిపిల్లల గౌన్లు, ఉయ్యాల బట్టలు ఉన్న అరలో నాఫ్తలీన్ ఉండలు వద్దే వద్దు. జీ6పీడీ అనే ఎంజైము లోపం పుట్టుకతో ఉన్న పిల్లలు కొందరుంటారు. ఆ లోపం ఉన్నట్టు చాలా ఇళ్లలో తెలియనే తెలియదు. నాఫ్తలీన్ వాసన పట్టిన బట్టలు తొడిగితే వాళ్లకు ఎర్ర రక్తకణాలు పగిలి, కామెర్లు ముదిరే ప్రమాదం ఉంది.

పైగా మీరు రోజుకి ఎనిమిది గంటలు ఆ గదిలోనే కూర్చుంటారు. తలనొప్పి వస్తే సూది వల్లనో చూపు వల్లనో అనుకుంటారు.

గద్వాల కోడలు
జూలై 3, మధ్యాహ్నం 2:25

మేం ఎండిన వేపాకు, వసకొమ్ము, నాలుగు లవంగాలు పల్చటి గుడ్డలో మూటగట్టి పెడతాం. వాసన పోగానే మార్చాలి. ఉండలు వేసేవాళ్లు కనీసం జరీకి తగలకుండా చూడండి. బీరువాను గోడకు ఆనించొద్దు, బెత్తెడు దూరం ఉంచితే గాలి ఆడుతుంది, వెనక చెదలు పడితే కంటికి కనపడుతుంది. ట్రంకు పెట్టె కింద నాలుగు ఇటుకలు పెట్టండి.

కాజాలక్క (నల్లగొండ)
జూలై 4, రాత్రి 10:40

సంచుల ఐడియా మా అత్తమ్మకు బాగా నచ్చింది. కాలు మిషన్‌ని వరండాలోకి మార్చాం, ఆమె అక్కడ కూర్చుని రోజుకు నాలుగైదు సంచులు కుట్టేస్తోంది. ఆ మిషన్ అమ్మేద్దామా అని మొన్నటిదాకా చూస్తున్నాం. ఇప్పుడు ఆమె ఒప్పుకునేలా లేదు.

ట్రంకు పెట్టె తీశాను. అడుగున మా అమ్మ నాకు పెళ్లప్పుడు కొనిచ్చిన ఇక్కత్ పట్టు గుడ్డ ఉంది. రెండున్నర మీటర్లు. పెళ్లయి 16 ఏళ్లు. కోస్తే పాడుచేస్తానేమో అని భయపడి అట్లనే ఉంచాను. 14 ఏళ్లుగా ఊరందరి పట్టు కోస్తున్నా, దీని మీద కత్తెర పెట్టలేకపోయాను. అమ్మ పోయాక అసలే పెట్టలేదు. దీన్ని ఏం చేయమంటారు? ఇదీ "నావి" లెక్కలోకే వస్తుంది.

చిటికి నేత (పుట్టపాక)
జూలై 5, ఉదయం 5:50

చెల్లె, నేను మగ్గం మనిషిని. మా ఊరు 2016లో యాదాద్రి భువనగిరి జిల్లాలోకి పోయింది గానీ, ఎవరైనా అడిగితే నల్లగొండోళ్లమనే చెప్పుకుంటాం.

ముందు ఆ గుడ్డ మడత విప్పి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. పట్టు ఒకే మడతలో ఏళ్లకేళ్లు ఉంటే మడత గీత దగ్గర పోగు విరుగుతుంది. ఆ గీత తెల్లగా మెరుస్తుంటే విరగడం మొదలైందని అర్థం. ఇంకో పదేళ్లు దాస్తే మీరు కోయక్కర్లేదు, అదే చీలిపోతుంది.

గీత ఉంటే భయం లేదు. ఆ గీత కుట్టులోకి పోయేటట్టు కోయండి. రెండున్నర మీటర్లలో మీ బిడ్డకు టాప్ వస్తుంది.

ఇంకో మాట. ఇక్కత్‌లో నేయకముందే పోగులకు చిటికి (రంగు అంటకుండా బిగించే కట్టు) కట్టి రంగులో ముంచుతాం. కాబట్టి గుడ్డకు ముందూ వెనకా ఒకటే రంగు. మీ గదిలో ఇక్కత్ అనుకుని దాచినవాటిని తిప్పి చూడండి. వెనక వెలిసిపోయినట్టుంటే అది అచ్చు వేసిన (ప్రింటు) గుడ్డ, దానికి పట్టుబట్టంత మర్యాద అక్కర్లేదు. మా తేలియా రుమాల్‌కి (నూనె పట్టించిన నూలుతో నేసే ఇక్కత్) 2020లో జీఐ గుర్తింపు (ఆ ప్రాంతపు సరుకని ఇచ్చే ముద్ర) వచ్చింది, పోచంపల్లి ఇక్కత్‌కి అంతకు చాలా ముందే వచ్చింది. వచ్చినా అచ్చు గుడ్డను అదే పేరుతో అమ్మేవాళ్లు ఆగలేదు. తేలియా అయితే మీకు ముక్కుతోనే తెలుస్తుంది. నూలును నూనెలో, ఆముదపుకాయల బూడిదలో నానబెట్టి పిసుకుతాం, ఆ వాసన ఉంటుంది. అది ఉంటే వేరే బట్టలతో కలిపి పెట్టొద్దు.

మేం నేసేది కట్టుకోవడానికే తల్లీ.

కాజాలక్క (నల్లగొండ)
జూలై 5, రాత్రి 9:50

అన్నా, గీత ఉంది. ఒకటి కాదు, రెండు.

మిషన్ మామ (మిర్యాలగూడ)
జూలై 6, మధ్యాహ్నం 12:30

బట్టల గురించే మాట్లాడుతున్నారు, సొరుగుల సంగతి ఎవరూ ఎత్తరేం? నేను మిషన్లు రిపేరు చేస్తాను. ఇంటింటికీ పోతే చూసేది ఒకటే. ఒక బిస్కెట్ డబ్బాలో సూదులు, బాబిన్లు, ఉక్కులు, విరిగిన బటన్లు, రెండు పాత తాళంచెవులు, అన్నీ కలిపి ఉంటాయి.

జర వినండి. ఇంటి మిషన్ సూది పైభాగం ఒకపక్క చదునుగా ఉంటుంది. షాపుల్లో వాడే పెద్ద పవర్ మిషన్ సూది పైన గుండ్రంగా ఉంటుంది. దానిది దీనికి, దీనిది దానికి పనికిరాదు. రెండిటినీ వేరు డబ్బాల్లో పెట్టాలి. బాబిన్లు కూడా అంతే, చూడటానికి ఒకేలా ఉంటాయి, మందంలో తేడా. తప్పు బాబిన్ వేసి "కింద దారం ముడులు పడుతోంది మామా" అని నన్ను పిలుస్తారు. నాకు రానుపోను పెట్రోలు, మీకు డబ్బు.

పల్చటి బట్టకు 11 నంబరు సూది, మామూలు నూలుకు 14, జీన్సు లాంటి మందపు బట్టకు 16. ప్యాకెట్ లోంచి తీసిన సూదిని మళ్లీ అదే ప్యాకెట్‌లో పెట్టండి, డబ్బాలో వదిలేస్తే నంబరు చదవడానికి భూతద్దం కావాలి. మొన పోయిన సూదిని, విరిగిన ముక్కల్ని మూతబిగిసే చిన్న సీసాలో వేయండి. చెత్తబుట్టలో వేస్తే ఎత్తేవాళ్ల చేతుల్లో దిగుతాయి.

పాత దారపు రీళ్లు రెండు చేతులతో లాగి చూడండి. పుటుక్కున తెగితే ఎంత మంచి రంగైనా పారెయ్యండి. ఎలాస్టిక్ కూడా లాగి వదిలితే వెనక్కి రాకపోతే దాని పని అయిపోయినట్టే.

కాజాలక్క (నల్లగొండ)
జూలై 8, రాత్రి 10:30

మామా, మీరు మా ఇంటికి ఎప్పుడొచ్చారు? బిస్కెట్ డబ్బా, తాళంచెవులు సహా అన్నీ నిజమే.

ఇక కత్తిరింపులు. 15 కవర్లు తూకం వేస్తే 31 కిలోలు. పాత పేపర్లవాళ్ల తరాజు తెప్పించాను. ఏది నూలు, ఏది కాదు అన్నది చూసి చెప్పలేని ముక్కలు చాలా ఉన్నాయి.

దేవరకొండ దర్జీ
జూలై 9, ఉదయం 6:30

ఒక్క పోగు లాగి, బయట గచ్చు మీద అగ్గిపుల్లతో కాల్చి చూడండి. నూలు కాగితంలా కాలి బూడిదవుతుంది. పట్టు కాలిస్తే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది. పాలిస్టర్ కరిగి నల్లపూసలా గట్టిపడుతుంది. చేత్తో ముట్టొద్దు, చర్మానికి అంటుకుంటుంది. ఒక్క పోగు చాలు. కుప్పకు నిప్పు పెట్టి వదిలించుకుందాం అనుకునేవాళ్లు ఉంటారు, పాలిస్టర్ పొగ ఇంటిల్లిపాదినీ దగ్గిస్తుంది.

మిషన్ మామ (మిర్యాలగూడ)
జూలై 9, ఉదయం 8:00

నూలు ముక్కలు మెకానిక్ షెడ్డువాళ్లకు కావాలి. గ్రీజు, ఆయిలు తుడవడానికి వాళ్లు గుడ్డపేలికలు కొంటారు. పాలిస్టర్ నూనె పీల్చదు, అది ఇస్తే తిడతారు. మీక్కూడా కొన్ని నూలు ముక్కలు ఉంచుకోండి, మిషన్‌కి ఆయిలు వేసిన ప్రతిసారీ ముందు వాటి మీద నాలుగు వరసలు కుట్టి, ఆ తర్వాతే గిరాకీ పట్టు పెట్టాలి.

గద్వాల కోడలు
జూలై 9, ఉదయం 10:40

పెద్ద నూలు ముక్కలు బొంతకు ఉంచండి. పైనా కిందా పాత నూలు చీరలు, మధ్యలో ముక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా పరిచి, అంచు నుంచి లోపలికి చుట్టూ తిరుగుతూ కుట్టుకుంటూ రావాలి. మా అవ్వ నడిమధ్యకు వచ్చేసరికి నెల పట్టేది. పాలిస్టర్ పెడితే ఎండాకాలం చెమట పట్టి ఎవరూ కప్పుకోరు.

ఇక ముందు పోగుపడకుండా ఒక లెక్క పెట్టుకోండి. అరచేతికన్నా చిన్నది ఉంచొద్దు. జరీ అంచు అయితే మాత్రం ఎంత చిన్నదైనా ఉంచుకోవచ్చు, అక్కడ నాకూ మనసొప్పదు.

పాలమూరు ఫాల్‌పీకో (మహబూబ్‌నగర్)
జూలై 9, రాత్రి 9:15

అరచేతి లెక్క బాగుంది. కానీ ఆషాఢం సేల్‌కి నిన్ననే పోయొచ్చి మూడు డ్రెస్ పీసులు తెచ్చాను. ఈ దారం చదువుతూ ఉండగానే! నన్ను ఎవరైనా ఆపండి.

కాజాలక్క (నల్లగొండ)
జూలై 16, రాత్రి 11:20

వారం రోజులు రాయలేదు, మోకాళ్లు పట్టేశాయి.

31 కిలోల్లో 12 కిలోలు బొంతకు పోయాయి, అత్తమ్మ పక్కింటి ఇద్దర్ని కూడా కూర్చోబెట్టింది. 9 కిలోల నూలు పేలికలు బస్టాండ్ దగ్గరి షెడ్డుకు ఇచ్చాం. పాలిస్టర్ 6 కిలోలు మున్సిపాలిటీ బండికి పొడిచెత్తలో వేశాం. నా దగ్గర మిగిలింది 4 కిలోలు, ఒక డబ్బా. అందులో కిలో పైగా జరీ అంచులే, గద్వాల వదినా, మీరే చెప్పారు.

కటింగ్ టేబుల్ కూడా అయింది. పాత ఇంటి దర్వాజ రెక్క ఒకటి వెనక పడి ఉంటే, నునుపు పట్టించి కాళ్లు పెట్టించాం. 36 అంగుళాల ఎత్తు, నా నడుముకు సరిగ్గా ఉంది. ఇన్నేళ్లు నేల మీద ఒంగి కోశాను, నడుంనొప్పి వయసు వల్ల అనుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. తీసుకుపోని 17 మందిలో 11 మంది ఫోన్‌లో దొరికారు. ఎనిమిది మంది వచ్చి తీసుకుపోయారు, 2,900 రూపాయల బాకీ వసూలైంది. ఒకామెకు ఫోన్ చేస్తే, "వస్తాలే అక్కా, పోయిన నెల నువ్విచ్చిన కవర్లో పసుప్పచ్చ ముక్క ఒకటి ఎక్కువ వచ్చింది, ఊరికే ఇచ్చావనుకున్నా" అంది!

నారాయణపేట ముక్క. అక్కడే ఉంది. దర్జీ అన్నా, మీరు మొదటి రోజే చెప్పారు. నేను మాత్రం రెండు రోజులు మంచాలు ఎత్తాను.

అది తీసుకుని అసలు మనిషి ఇంటికి పోయి ఇచ్చి, జరిగింది చెప్పాను. ఆమె నవ్వి, "ఇది కూడా కుట్టు, పాతదానికన్నా వదులుగా" అంది. కొత్త కొలతలు రాసుకున్నాను. నంబరు 1.

సంఘం చెల్లె (నాగర్‌కర్నూల్)
జూలై 17, ఉదయం 7:10

ఆకుపచ్చ అర్జెంటు జాకెట్ ఏమైంది అక్కా?

కాజాలక్క (నల్లగొండ)
జూలై 17, రాత్రి 10:00

మూడు రోజులు స్టేటస్ పెట్టాను. నలుగురు "నాదే" అన్నారు. కొలత అడిగితే నలుగురూ తప్పు. అట్లనే ఉంది, సంచిలో పెట్టి చివరి కొక్కేనికి వేలాడదీశాను.

కొత్త సూది (వనపర్తి)
జూలై 30, సాయంత్రం 6:45

అక్కా, శ్రావణం మొదలైంది కదా, గది ఎట్లుంది? టేబుల్ ఫొటో పెడతారా?

కాజాలక్క (నల్లగొండ)
జూలై 30, రాత్రి 11:40

ఫొటో పెట్టాలంటే టేబుల్ కనపడాలి కదా చెల్లె. సగం మీద మా బిడ్డ ఫిజిక్స్ పుస్తకాలు ఉన్నాయి. దానికి వేసిన బల్లేమో కిటికీ దగ్గర ఖాళీగా ఉంది, ఇక్కడే ఫ్యాన్ గాలి బాగా తగులుతుందట. అమ్మ ఇక్కత్ టాప్ అయింది. రెండు గీతలూ పక్క కుట్టుల్లోకి పోయాయి. మొన్న శుక్రవారం వేసుకుని కాలేజీకి పోయింది, చేతులు జర పొట్టిగా ఉన్నాయని అలిగింది.

వారంలో 22 జాకెట్లు వచ్చాయి. అన్నీ సంచుల్లో, కొక్కేలకు. నేల మీద ఈ రోజుకి రెండు కవర్లే ఉన్నాయి, రెండూ మా ఆయనవి.

మిషన్ మామా, ఒక కొక్కెం బరువుకు ఊడి వచ్చేసింది. పాత ఇంటి గోడ. మళ్లీ అదే బెజ్జంలో కొట్టొచ్చా?

మిషన్ మామ (మిర్యాలగూడ)
జూలై 31, ఉదయం 7:25

అదే బెజ్జం వద్దు, అది లోపల వెడల్పయి ఉంటుంది. రెండంగుళాలు పక్కకు జరగండి. పాత గోడకు పైపూత మందంగా ఉంటుంది, అందులోనే దిగితే మళ్లీ ఊడుతుంది. 8 నంబరు బిట్‌తో ఎర్ర పొడి రాలేదాకా తోడండి, ఇటుక తగిలిందని గుర్తు. దుమ్ము ఊది, ప్లగ్ పెట్టి, రెండంగుళాల స్క్రూ బిగించండి. ఒక కొక్కేనికి రెండు సంచులే.